రేపు పొద్దున లేవగలిగే దెబ్బ

అల్లుడూ,

నువ్వు డీఎం కుర్చీలో, అంటే ఆట నడిపించే డంజన్ మాస్టర్ కుర్చీలో, కూర్చున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. బల్ల చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ కథ నడిపే ఈ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడడం మన ఇంటావంటా లేని పని కదా, ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను. మొన్న మీ కొండాపూర్ ఫ్లాట్‌లో ఓ మూల కూర్చుని ఆట చూస్తుంటే కొన్ని మాటలు నోటిదాకా వచ్చాయి. నీ స్నేహితుల ముందు మేనత్త పెత్తనం ఎందుకని మింగేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. కాఫీ పెట్టుకుని చదువు.

నీకు మాట వచ్చు. గాబ్లిన్ల గుహ ముందు ఆ కుళ్ళిన మాంసం వాసన, లోపల ఎవరో దగ్గి నోరు మూసుకున్న చప్పుడు, అవి చెబుతుంటే అందరూ చేతిలో చిప్స్ చేతిలోనే పెట్టుకుని విన్నారు. చిక్కంతా కత్తులు దూసిన తర్వాత వచ్చింది. మీ ఫైటర్ కుర్రాడివి 36 హిట్ పాయింట్లు, అంటే దెబ్బ దెబ్బకీ తరిగే ప్రాణం లెక్క. మొదటి దెబ్బకి 5 పోయాయి, కత్తి పొట్టలో దిగబడిందన్నావు. రెండో దెబ్బకి 6, భుజం ఎముక విరిగిందన్నావు. మూడో దెబ్బకి 4 పోతే మెడ దగ్గర నరం తెగి రక్తం చిమ్మిందన్నావు. అయినా అతని కాగితం మీద ఇంకా 21 ఉన్నాయి. తన వంతు రాగానే బల్లమీదికి ఎగిరి గొడ్డలి తిప్పాడు. ఆ తర్వాత అందరూ గంటసేపు షార్ట్ రెస్ట్ తీసుకుని, పోయిన పాయింట్లు రాబట్టుకునే హిట్ డైస్ వేసుకుని లేచారు. పొట్టా భుజమూ మెడా ఏమైనట్టు? ఎవరూ అడగలేదు. అడగలేదంటే నువ్వు చెప్పింది చెవికి సోకింది గానీ మనసుకి పట్టలేదన్నమాట. నాలుగో దెబ్బకి ఆ కుర్రాడు నీ వంక చూడను కూడా లేదు, "ఎంత పోయింది?" అని పెన్సిల్ తీసుకున్నాడు.

ఏ దెబ్బ గురించి నోరు విప్పబోయినా ముందు ఒక్కటి ఆలోచించు: ఈ దెబ్బ తిన్నవాణ్ణి రేపు పొద్దున లేచి నడవమని రూల్ బుక్కు అంటోందా? మీరు ఆడుతున్న 2014 నాటి అయిదో ఎడిషన్లో ఎనిమిది గంటలు పడుకుంటే పోయిన పాయింట్లన్నీ తిరిగొస్తాయి. కాబట్టి నువ్వు చెప్పే దెబ్బ ఒక్క నిద్రతో సర్దుకునేదై ఉండాలి. కమిలింది సర్దుకుంటుంది, గీసుకుపోయింది సర్దుకుంటుంది, దిమ్మ తిరిగింది, బెణికింది, ఊపిరాడనిది, భయంతో చెయ్యి వణికింది, అన్నీ సర్దుకుంటాయి. విరిగిన ఎముక సర్దుకోదు.

ఈ పాయింట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. 1971లో చెయిన్‌మెయిల్ అని బొమ్మ సైనికులతో ఆడే యుద్ధం ఆట వచ్చింది, గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రాసినది. అందులో మామూలు సైనికుడికి దెబ్బ తగిలిందంటే ఆ బొమ్మని బల్లమీంచి తీసెయ్యడమే. మనకున్నట్టే మిన్నెసోటాలోనూ జంటనగరాలున్నాయి, మినియాపోలిస్, సెయింట్ పాల్. అక్కడ డేవ్ ఆర్నెసన్ తన స్నేహితులతో బ్లాక్‌మూర్ అనే ఆట నడిపేవాడు. అందులో ఒక్కొక్కరికి ఒక్కడే మనిషి. ముద్దుగా పెంచుకున్న ఆ మనిషి ఒక్క దెబ్బకే పోతుంటే ఆటగాళ్ళు ఊరుకోలేదు. అప్పుడు ఆర్నెసన్ అంతకుముందు అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప ఓడల ఆటకి తాను రాసుకున్న లెక్కని తెచ్చి మనుషులకి తగిలించాడు. ఈ సంగతి తర్వాత్తర్వాత ఆయనే చెప్పాడు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టె బయటికొచ్చేనాటికి ఆ లెక్క అందులో స్థిరపడిపోయింది. ఓడకి ఆ లెక్క చక్కగా అతుకుతుంది. ఎన్ని గుండ్లు తగిలినా తేలుతూనే ఉంటుంది, ఆఖరిది తగిలితే మునుగుతుంది. మనిషి పొట్టకి అది అతకదు.

గైగాక్స్‌కీ ఈ ఇబ్బంది తెలుసు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆయనే లెక్క కట్టి చూపించాడు. మామూలు సైనికుడు ఓ 5 పాయింట్లకి పోతాడు. పదో లెవల్ ఫైటర్‌కి 85 ఉన్నాయనుకుంటే, అది నాలుగు పెద్ద యుద్ధాశ్వాలని చంపేంత దెబ్బ. అంత దెబ్బని ఒక మనిషి ఒళ్ళు ఓర్చుకుంటుందనడం హాస్యాస్పదం అన్నాడు. ఆ పాయింట్లలో ఒంటి సత్తువ కొంతే, మిగతాది నేర్పు, అదృష్టం, మాయ అని తేల్చాడు. అని ఊరుకున్నాడా? అదే పుస్తకంలో చిన్న గాయాలు మాన్పే మంత్రానికి ఎనిమిది ముఖాల డైస్ ఒకటి వెయ్యమన్నాడు. చావుబతుకుల్లో ఉన్న సైనికుణ్ణి ఆ ఒక్క మంత్రం లేపి నిలబెడుతుంది, 85 పాయింట్ల వీరుడికి మాత్రం ఏ మూలకీ చాలదు. పోయింది అదృష్టమైతే మంత్రం మాన్పిందేమిటి? అప్పట్నుంచీ ఆటగాళ్ళు ఈ తగువు పడుతూనే ఉన్నారు. నేను మిన్నెసోటాలో చదువుకున్న తొంభైల్లో మా బల్ల దగ్గరా తెల్లవార్లూ ఇదే తగువు. నువ్వు అందులోకి దిగకు. పుస్తకం తేల్చకుండా వదిలేసింది నీకు మేలే చేసింది, ఏ దెబ్బని ఒంటి మీద వెయ్యాలో, ఏ దెబ్బని అదృష్టం మీద వెయ్యాలో నువ్వే నిర్ణయించుకోవచ్చు.

2014 పుస్తకంలో ఓ మూల చిన్న పెట్టెలో ఒక సలహా ఉంది, చాలామంది దాటేస్తారు. సగం పాయింట్లు పోయేదాకా ఒంటి మీద ఆనవాలేమీ కనపడదు, సగం దాటితే గాట్లూ కమిలిన మచ్చలూ కనపడతాయి, సున్నాకి దించిన దెబ్బ మాత్రం నేరుగా తగిలినట్టు. నేను దీన్నే పట్టుకుని వేలాడమంటాను. మన సినిమాల్లో హీరోని చూడు. ఇరవై మంది మీద పడతారు, కర్రలు విరుగుతాయి, కూరగాయల బళ్ళు బోర్లాపడతాయి, అతని చొక్కా ఇస్త్రీ నలగదు. ఆఖర్న విలన్ గుద్దిన ఒక్క గుద్దుకి పెదవి చివర సన్నగా రక్తం. దాన్ని బొటనవేలితో తుడుచుకుని చూసుకుంటాడు. హాల్లో ఈలలు! అంతకుముందు పది ఫైట్లలో రక్తం చూపించి ఉంటే ఆ ఈలలు వచ్చేవి కావు. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ సగానికి దిగినవాడికి 'బ్లడీడ్' అని పేరే పెట్టింది. మధ్యలో ఆ మాట పోయి, మళ్ళీ 2024 రూల్స్‌లో వచ్చి చేరింది.

సగం పోయేలోపు ఏం చెప్పాలంటావా? దెబ్బ వల్ల ఆ మనిషికి ఏం ఖర్చయిందో చెప్పు. గద వచ్చి డాలు మీద పడింది, డాలు ఆగింది గానీ మోచేతిదాకా తిమ్మిరెక్కింది. కత్తి తప్పుకున్నావు, ఆ తొందర్లో మోకాలు రాతికి కొట్టుకుంది. బాణం చెవి పక్కనుంచి పోయింది, ఇంకోసారి అలా పోతుందని మాత్రం నమ్మకం లేదు. ఒక్కొక్కటి ఒక్క వాక్యం. దానికి మించితే ఎదుటివాడు ఫోన్ తీస్తాడు.

ఒక్కొక్కరి పాయింట్లు ఒక్కొక్క రకం సరుకని కూడా గుర్తుపెట్టుకో. మీ బార్బేరియన్ పిల్ల ఉంది చూశావా, దానివి నిజంగా కండలే. దానికి మొదటి దెబ్బకే రక్తం చూపించు, ఫర్వాలేదు, అది నాకి ఉమ్మేసి నవ్వుతుంది. రోగ్‌వి కాళ్ళ చురుకుతనం. అతనికి దెబ్బ తగిలిందంటే ఈసారి వెంట్రుకవాసిలో తప్పుకున్నాడు, ఆయాసం మొదలైంది. క్లెరిక్‌కి తన దేవుడి దయ అడ్డుపడిందను, ఆ దయ కాస్త పలచబడిందను. విజార్డ్ దగ్గర ఉన్నదే గుప్పెడు, ఆ గుప్పెడూ పట్టుదల. ఇలా చెబితే ఒకే 8 పాయింట్లు నాలుగు రకాలుగా పోతాయి, నలుగురూ నాలుగు రకాల మనుషులని బల్లకి తెలుస్తుంది.

అయితే ఈ దారిలో ఒక గుంత ఉంది. "తగల్లేదు గానీ పాయింట్లు పోయాయి" అని ప్రతిసారీ అన్నావనుకో, డైస్‌లో నెగ్గినదానికీ తప్పినదానికీ తేడా లేకుండా పోతుంది. తప్పిన దెబ్బకి కొట్టినవాడు చిన్నబోవాలి, వాడి కత్తి నీ కవచం మీద జారిపోయింది, వాడే తూలాడు. తగిలిన దెబ్బకి తిన్నవాడి దగ్గర్నుంచి ఏదో ఒకటి తీసుకోవాలి. ఒక అడుగు వెనక్కి వేయించు, తలపాగా ఎగరగొట్టు, ధైర్యం సడలించు. ఏమీ తీసుకోకుండా వదలకు.

అంకె చెప్పాలా, వర్ణన చెప్పాలా, ఏది ముందు? నన్నడిగితే అంకె ముందు. "తొమ్మిది" అను, తీసేసుకోనీ, "సగం దాటిందా?" అని అడుగు. జవాబు విన్నాక అప్పుడు వర్ణించు. ముందే వర్ణించేస్తే రెండు నష్టాలు. వాళ్ళు కూడికల్లో, తీసివేతల్లో పడి వినరు, నువ్వేమో ఎంత మిగిలిందో తెలియకుండా పొట్టలో కత్తి దింపేస్తావు. మొన్న జరిగింది అదే. ఇంకో మాట, అన్ని దెబ్బల్నీ వర్ణించాలని ఏ రూల్లోనూ లేదు. నలుగురు ఆటగాళ్ళు, ఆరుగురు గాబ్లిన్లు కలిస్తే రౌండుకి పది వంతులు. మొదటి దెబ్బ, మలుపు తిప్పిన దెబ్బ, ఆఖరి దెబ్బ, ఈ మూడూ చెప్పు. మిగతావి "తగిలింది, నాలుగు, తర్వాతెవరు?" అని తోసెయ్. పోరు పరుగు తీయాలి.

కొన్ని చోట్ల ఈ ఉపాయం పనిచెయ్యదు. విషం పూసిన కత్తో, సాలీడు కాటో తగిలి, దాంతో పాటు విషాన్ని తట్టుకున్నాడో లేదో తేల్చే సేవింగ్ త్రో అడగాల్సి వస్తే, చర్మం తెగి తీరాలి. "తప్పుకున్నావు, అయినా విషం ఎక్కింది" అంటే పసిపిల్లలు కూడా ఒప్పుకోరు. అక్కడ చిన్న గీత చాలు, గోరుతో గీరినంత, చుట్టూ నల్లబడుతున్నట్టు. ఎత్తు మీంచి పడడం ఇంకా కష్టం. పది అడుగులకి ఆరు ముఖాల డైస్ ఒకటి, ఎంతెత్తు నుంచి పడ్డా ఇరవై డైస్‌లకి మించదు. ఇరవై డైస్‌లంటే సగటున 70. పై లెవల్ ఫైటర్ కొండ మీంచి పడి దుమ్ము దులుపుకుని లేస్తాడు. దానికి నేను చెప్పగలిగిందల్లా, కిందకి దిగేలోపు దారిలో ఏదైనా అడ్డం పెట్టమని. చెట్టుకొమ్మలు, తీగలు, వాలు, ఎండుగడ్డి. ఏమీ లేని చోట వాళ్ళని పడెయ్యకపోవడం ఇంకా మంచిది. ఎర్ర డ్రాగన్ నిప్పు ఊదడం కూడా అలాంటిదే. పెద్దదైతే 18 డైస్‌లు. సేవ్ చేసి సగంతో బయటపడ్డవాడు స్తంభం చాటున నక్కాడను, డాలు పట్టుకోలేనంత వేడెక్కిందను, కనుబొమలు కాలాయను. ఒళ్ళంతా కాలిందనకు. కాలిన ఒళ్ళు తెల్లారేసరికి మానదు.

మాన్‌స్టర్ల సంగతికొస్తే మాత్రం నీకు పూర్తి స్వేచ్ఛ. వాటిని రేపు పొద్దున ఎవరూ నిద్రలేపక్కర్లేదు! మీవాళ్ళు కొట్టిన ప్రతి దెబ్బా ఒంటికి తగలనీ, కోరలు విరగనీ, రెక్కలు చిరగనీ. పైగా ఇక్కడ నీ వర్ణన సింగారం మాత్రమే కాదు, వాళ్ళకున్న కొలబద్ద అదొక్కటే. ఓగర్‌కి 59 పాయింట్లని నీకు తెలుసు, వాళ్ళకి తెలియదు. నలభై మీద ఉన్నంతసేపూ అది దెబ్బల్ని దోమల్లా తోలుతుంది. ముప్పైకి దిగేసరికి ఒక కాలు ఈడుస్తోంది. పదిలోపుకి వచ్చాక గుమ్మం వైపు చూస్తోంది. ఇంతే చెప్పు, పారిపోనివ్వాలా, వెంటపడాలా, మిగిలిన ఒక్క మంత్రం దీనిమీద వాడాలా అని వాళ్ళే తర్జనభర్జన పడతారు. ట్రోల్ వచ్చినప్పుడైతే నువ్వు చెప్పే గాయమే కీలకం. గొడ్డలి గాటు అంచులు పురుగుల్లా కదిలి కలుసుకుపోతున్నాయి. కాగడా తగిలిన చోట మాత్రం కలవలేదు. నిప్పుకీ యాసిడ్‌కీ దాని వైద్యం ఆగిపోతుందని నువ్వు నోటితో చెప్పనక్కర్లేదు. అస్థిపంజరం మీద బాణం పక్కటెముకల సందులోంచి దూరిపోయిందని, సుత్తి దెబ్బకి మాత్రం పెళుసుగా పగిలిందని చెబితే మీలో విల్లు పట్టినవాడు దాన్ని పక్కన పెట్టి సుత్తి వెతుక్కుంటాడు.

ఇవన్నీ విని, చేతులూ కాళ్ళూ విరిగే పోరే కావాలని మీవాళ్ళు అంటే దానికి వేరే ఆటలున్నాయి. 1978 నాటి రూన్‌క్వెస్ట్‌లో చేతికీ కాలికీ తలకీ వేరువేరు పాయింట్లు. ట్రావెలర్‌లో దెబ్బ తగిలితే బలమూ చురుకూ ఓపికా తగ్గిపోతాయి. బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో అంకె తీసెయ్యడం కాదు, "చీలమండ బెణికింది" అని కాగితం మీద మాటల్లోనే రాసుకుంటారు, అది మానేదాకా ఆ మాటే కాళ్ళకి అడ్డం పడుతుంది. అవి మంచి ఆటలు. వాటిలో విరిగిన ఎముకకి విలువుంది, ఎందుకంటే రూల్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ గుర్తుపెట్టుకోదు. గుర్తుపెట్టుకోని ఆటలో నువ్వు ఎముక విరిచి లాభం లేదు.

"మన భారతంలో ఒంటినిండా బాణాలు గుచ్చుకున్నా వీరులు పోరాడారు కదత్తా" అని నువ్వు అనబోతున్నావని తెలుసు. తిక్కనగారి యుద్ధపర్వాలు చదివినదాన్ని, ఒప్పుకుంటాను. అందరూ ఆ ఎత్తులో ఆడదామని ముందే అనుకుంటే, బాణం విరిచి పారేసి రథం ఎక్కండి, నేను కాదనను. కానీ భీష్ముడి పడక వేరే. ఆయన పడిపోయాక బాణాలు తీయడంలో ఆరితేరిన వైద్యుల్ని దుర్యోధనుడు వెంటబెట్టుకొస్తే, వాళ్ళని సత్కరించి పంపించెయ్యమన్నాడు. ఆ గాయం కథకి కావాలి, దాన్ని ఉంచుకోవాలని ఆ మనిషే నిర్ణయించుకున్నాడు. నీ బల్ల దగ్గరా అంతే. ఎవరి మనిషి ఒళ్ళు వాళ్ళది. శాశ్వతంగా ఒక మచ్చ, ఒక కుంటి కాలు, పోయిన కన్ను కావాలంటే ఆటగాడు కోరుకోవాలి. నువ్వు అంటగట్టకూడదు. "ఈ దెబ్బ నీకెక్కడ తగిలింది?" అని అప్పుడప్పుడు వాళ్ళనే అడుగు, నువ్వు ఊహించనివి చెబుతారు. శత్రువుని పడగొట్టిన దెబ్బ కూడా కొట్టినవాడికే వదిలెయ్. ఈ ఆటనే ఆడి చూపించే క్రిటికల్ రోల్ షో చూసే పిల్లలు కదా మీరు, అందులో డీఎం మ్యాట్ మెర్సర్ ఆ సమయానికి ఆటగాణ్ణి ఏమని అడుగుతాడో నీకు నేను చెప్పాలా?

ఇక కాస్త మెల్లిగా చెప్పాల్సిన మాట. మన ఇళ్ళల్లో టూవీలర్ యాక్సిడెంట్ జరగని ఇల్లు లేదు. నీ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరు ఏ ఐసీయూ బయట ఎన్ని రాత్రులు కూర్చున్నారో నీకు తెలియకపోవచ్చు. నువ్వు సరదాగా చెప్పిన తలదెబ్బ ఒకరికి సరదా కాకపోవచ్చు. ఆట మొదలుపెట్టేముందే ఒక కాగితం తిప్పు: అసలు వద్దనేవి, జరిగినా తెర వెనకే జరగాల్సినవి. రాన్ ఎడ్వర్డ్స్ 2003లోనే దీని గురించి రాశాడు, ఇప్పుడు చాలా బల్లల దగ్గర మామూలే. ఎందుకు వద్దో అడగొద్దు. ఆట మధ్యలో ఎవరి ముఖమైనా మారితే ఆ వాక్యం అక్కడే తుంచేసి "టీ పెడదామా" అను, అంతే.

సున్నా దగ్గరికొద్దాం. నువ్వు దాచుకున్న రక్తమంతా ఇక్కడ వాడుకో, అయితే ఇక్కడా ఒక కిటుకు ఉంది. పడిపోయినవాడు తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల డైస్ వేస్తాడు. పది, ఆపైన పడితే నెగ్గినట్టు. మూడు నెగ్గితే నిలదొక్కుకుంటాడు, మూడు ఓడితే పోతాడు. మధ్యలో క్లెరిక్ దూరాన్నుంచి ఒక్క మంత్రం వేస్తే నాలుగు పాయింట్లతో లేచి మళ్ళీ కత్తి పడతాడు కూడా. కాబట్టి పడగొట్టిన దెబ్బ నేరుగా తగిలిందని చెప్పు, గట్టిగా చెప్పు, కానీ ఎంత లోతో చెప్పకు. ఈటె కవచం సందులోంచి దిగింది, అతను బోర్లా పడ్డాడు, కింద మట్టి తడుస్తోంది. ఎవరైనా వెళ్ళి తిరగేసి చూస్తే తప్ప తెలియదు. మూడుసార్లు నెగ్గాడా, ఈటె పక్కటెముక మీద జారిపోయిందట, పెద్దగా లోపలికి పోలేదు. క్లెరిక్ ముందే లేపాడా, దేవుడు అడ్డుకున్నాడు. మూడుసార్లు ఓడాడా, అప్పుడే అది మొదట్నుంచీ లోతైన గాయం. డైస్ చెప్పేదాకా గాయం కొలత నీ దగ్గరే దాచుకుంటే బల్ల చుట్టూ ఒక్కరు కూడా ఫోన్ ముట్టుకోరు, కావాలంటే చూడు.

అలా నిజంగా పోయాడనుకో, హడావిడి పడకు. ఎలా పోయాడో ఆ పిల్లాణ్ణే చెప్పనీ, చివరిగా ఏమైనా అనాలంటే అననీ. తర్వాత పది నిమిషాలు ఆట ఆపి అందరూ ఏదైనా తినండి. కొత్త క్యారెక్టర్ షీటు, పెన్సిలూ అతని చేతికిచ్చి, ఆ కొత్త మనిషి గుంపులోకి ఎక్కడ ఎలా వచ్చి చేరతాడో ఆ రాత్రికే తేల్చెయ్యండి, లేకపోతే వచ్చే ఆదివారం అతను రావడం మానేస్తాడు.

నీ అత్త